వ్రేళ్లకు ఎవరును నేర్పని భాష: స్పర్శఫలకముపై ఒక విమర్శ

దివిసీమ చివర, కృష్ణానది సముద్రమున కలియు హంసలదీవికి చేరువగా పాలకాయతిప్ప ఉన్నది. అచటి జాలరి వ్రేళ్లు వల ముడిని చూపు సాయము లేకయే సరిచేయగలవు. అట్టి ఇంటి పిల్లవాని వ్రేళ్లు లాప్‌టాప్ కంప్యూటరుపై తడబడినచో, లోపము వ్రేళ్లదా, యంత్రముదా?

మీటల క్రింద ఉండు నున్నని పలకయే టచ్‌ప్యాడ్, అనగా స్పర్శఫలకము. దాని పైపొర అడుగున అడ్డముగను నిలువుగను సన్నని లోహపు గీతలు వల కన్నులవలె అమర్చబడి, వాని నడుమ స్వల్పమైన విద్యుత్‌క్షేత్రము ఏర్పడి యుండును. మానవ శరీరము విద్యుద్వాహకము. కనుక వ్రేలు సోకిన తావున విద్యుత్తును నిలుపుకొను శక్తి మారును. ఆ మార్పును యంత్రము సెకనుకు అనేక పర్యాయములు కొలిచి, వ్రేలు ఎటు కదలినదో లెక్కకట్టును. ఎండుపుల్లతో రాచిన ఫలితముండదు. ఉప్పునీరు కూడ విద్యుద్వాహకమే గనుక, చెమటతో తడిసిన వ్రేలు తగిలినచో తెరపై బాణపు గుర్తు గంతులు వేయవచ్చును. విద్యార్థిని మందలించుటకు ముందు ఉపాధ్యాయుడు పొడిగుడ్డ నందించుట మేలు.

ఆపిల్ సంస్థ 1994లో తన పవర్‌బుక్ 500 తరగతి యంత్రములలో ఈ ఫలకమును అమర్చినపుడు ఒక వ్రేలి పనియే ఉండెను. పలు వ్రేళ్ల సంజ్ఞలను అభివృద్ధి చేసినవారిలో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయమునకు చెందిన వేన్ వెస్టర్‌మన్, జాన్ ఎలియస్ ముఖ్యులు. వెస్టర్‌మన్‌ను బాధించిన చేతినొప్పియే ఈ కృషికి ప్రేరణ. వారు 1998లో స్థాపించిన ఫింగర్‌వర్క్స్ 2005లో ఆపిల్ వశమైనది. నొప్పిని తగ్గించుటకు పుట్టిన విద్య ప్రశంసనీయమే. కాని అది పెరిగిన తీరు ప్రశంసనీయము కాదు.

విండోస్ 11లో మూడు వ్రేళ్లను ప్రక్కకు జరిపినచో తెరచియున్న ఒక పనినుండి మరొక పనికి పోవచ్చును. మాకింటాష్‌లో అదే కదలిక ఒక డెస్క్‌టాపునుండి మరొకదానికి మార్చును. 2011లో ఆపిల్, రెండు వ్రేళ్లతో పుటను జరుపు దిశనే తలక్రిందులు చేసి, దానికి ‘సహజము’ అని పేరిడినది. సహజమైనదానిని తిరిగి నేర్చుకొనవలసి వచ్చుట విచిత్రము కాదా? ఫలకముపై ఏ గుర్తును లేదు. సంజ్ఞలు కంటికి కనబడవన్న లోపమును డొనాల్డ్ నార్మన్, జేకబ్ నీల్సెన్ 2010లోనే ఎత్తిచూపిరి.

కృష్ణాజిల్లాలోనే పుట్టిన కూచిపూడి నాట్యమున కూడ వ్రేళ్లే మాట్లాడును. అభినయదర్పణము ఒంటిచేతి హస్తములను 28గా లెక్కించి, ప్రతిదానికి పేరు పెట్టి, వినియోగములను వరుసగా చెప్పినది. పతాకహస్త మొక్కటియే పలు అర్థముల నిచ్చును. అయినను ఆ అర్థములు గ్రంథమున కలవు, నేర్పుటకు గురువు కలడు. కంప్యూటరు సెట్టింగులలోను సంజ్ఞల పట్టిక లేకపోలేదు. కాని దానిని వెదకవలెనని ముందే తెలిసినవానికి మాత్రమే అది దొరకును.

సెల్‌ఫోనుకు అలవాటుపడిన విద్యార్థికి మరియొక చిక్కు కలదు. ఫోనులో వ్రేలు బొమ్మనే తాకును. ఇచట వ్రేలు ఒకచోట, బాణము వేరొకచోట ఉండును. వ్రేలెత్తి మరియొక మూల పెట్టినను బాణము కదలదు. ఈ భేదము ఒక్క నిమిషములో చెప్పదగినది. చెప్పనిచో విద్యార్థి తానే మందబుద్ధినని తలపోయును. అసలు నష్టము అదియే.

కనుక తొలి పాఠమునకు నాలుగు సంజ్ఞలు చాలును: ఒక వ్రేలితో జరుపుట, ఒక వ్రేలితో తట్టుట, రెండు వ్రేళ్లతో తట్టుట, రెండు వ్రేళ్లతో పుటను జరుపుట. తక్కిన వానికి బదులు ఆల్ట్, టాబ్ వంటి మీటలను చూపవచ్చును. వ్రేళ్లు వణకువారికిని, వ్రేళ్లు లేనివారికిని ఆ మార్గము అవసరము కూడ. మంచి పనిముట్టు తన వాడుకను తానే తెలుపవలెను. అది తెలుపనంతవరకు ఆ భారము ఉపాధ్యాయునిది. విద్యార్థిది మాత్రము కాదు.