బ్లాక్ ఘోస్ట్: ముట్టుకోకుండా మిగిల్చిన పనితనం

2023 మే నెలలో, ఇండియానాపొలిస్‌లో మెకమ్ సంస్థ జరిపిన వేలంపాటలో ఒక నల్ల డాడ్జ్ ఛాలెంజర్ మీద 9,75,000 డాలర్ల దగ్గర సుత్తి పడింది. వేలం రుసుము కలిపితే మొత్తం 10,72,500 డాలర్లు. అప్పటి మారకంలో ఎనిమిది కోట్ల రూపాయల పైమాటే. అది 1970 మోడల్ బండి. ఏ కంపెనీ రేసు జట్టుకూ చెందింది కాదు, సినిమా తార తోలిందీ కాదు. గాడ్‌ఫ్రే క్వాల్స్ అనే డెట్రాయిట్ పోలీసు తన జీతం డబ్బుతో ఆర్డరిచ్చి చేయించుకున్న బండి. పగలు ట్రాఫిక్ డ్యూటీ చేసే ఆ మనిషి, రాత్రిపూట అదే ఊరి రోడ్ల మీద పందేలకు దిగేవాడు. గెలిచి మాయమైపోయేవాడు. ఎవరిదో తెలియని ఆ బండికి జనం పెట్టిన పేరు బ్లాక్ ఘోస్ట్.

కథ ఇంతవరకూ అందరూ చెప్పేదే, అందులో మసాలాకు కొదవ లేదు. నన్ను పట్టుకున్నది మాత్రం కథ వెనకున్న ఇనుము. ఈ బండిని వాహనంగా కాక ఒక పనితనంగా చూస్తే మూడు చేతులు కనిపిస్తాయి: గీసిన ఇంజనీర్లవి, బిగించిన కార్మికులవి, ఏమేం కావాలో టిక్కులు పెట్టిన కొనుగోలుదారుడివి. మొదటి రెండింటినీ మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడో చేతిని అంతగా ఎవరూ పట్టించుకోరు.

ఆ రోజుల్లో అమెరికాలో కారు కొనడమంటే షోరూములో నిలబెట్టిన దాన్ని తోలుకుపోవడం ఒక్కటే కాదు. ఆర్డరు ఫారం దగ్గర పెట్టుకుని ఇంజన్, గేరుబాక్సు, ఇరుసు నిష్పత్తి, సీటు తోలు, పైకప్పు గుడ్డ, రంగు, చార, అన్నీ విడివిడిగా ఎంచుకోవచ్చు. ప్రతిదానికీ విడి కోడు, విడి ధర. డెట్రాయిట్‌లోని రేనల్ బ్రదర్స్ డాడ్జ్ డీలరు దగ్గర 1969 చివర్లో క్వాల్స్ నింపిన ఫారం చూస్తే అతని అభిరుచి అర్థమవుతుంది. ఆర్/టి అంటే వేగం కోసం తీర్చిన రకం. దానిపైన ఎస్‌ఈ, అంటే తోలు సీట్లు, నెత్తిమీద చిన్న హెచ్చరిక దీపాల పెట్టె, వెనక చిన్న అద్దం ఉన్న దర్జా రకం. ఇంజన్ 426 హెమీ. ఆటోమేటిక్ వద్దని చేత్తో వేసే నాలుగు గేర్లు. ఆపైన సూపర్ ట్రాక్ ప్యాక్. రంగు నలుపు, కోడు టిఎక్స్9. నడినెత్తిన మొసలి చర్మం లాంటి వినైల్ కప్పు. తోక దగ్గర తెల్ల చార.

ఈ కలయిక విడ్డూరమైనది. పందెం పిచ్చి ఉన్నవాడు బరువు తగ్గించుకుంటాడు, దర్జా సరంజామా జోలికి పోడు. దర్జా కోరేవాడు హెమీ జోలికి రాడు. ఆ ఒక్క ఇంజన్‌కే అదనంగా దాదాపు 780 డాలర్లు పెట్టాలి మరి! అందుకే నాలుగు గేర్ల హెమీతో ఆర్/టి ఎస్‌ఈ బండ్లు ఆ ఏడాది మొత్తమ్మీద పాతికకు లోపే తయారయ్యాయి. ఈ అరుదుతనం కంపెనీ పథకం వేసి తెచ్చింది కాదు. అలాంటి కోరిక ఉన్న మనుషులు అంతమందే ఉన్నారు, అంతే.

ఇక ఇంజన్. 426 ఘనపు అంగుళాలు, అంటే ఏడు లీటర్లు. మామూలు వి-8లో రెండు వాల్వులూ ఒకే వరుసలో పక్కపక్కన నిలబడతాయి. హెమీలో సిలిండరు హెడ్డు లోపలి భాగం బోర్లించిన గిన్నెలా ఉంటుంది. గిన్నెకు ఒక పక్క గాలి వచ్చే వాల్వు, ఎదుటి పక్క పొగ పోయే వాల్వు, రెండూ ఏటవాలుగా. గాలీ పెట్రోలూ ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి పోతాయి, దారిలో వెనక్కి తిరిగే పని లేదు. పైగా వాల్వులు వాలి ఉండటం వల్ల పెద్దవి పట్టాయి: గాలి వాల్వు వ్యాసం 2.25 అంగుళాలు, పొగ వాల్వుది 1.94. ప్లగ్గు గిన్నె నడినెత్తిన కూర్చుంటుంది కాబట్టి నిప్పు అన్ని వైపులకూ దాదాపు సమంగా పాకుతుంది.

ఈ అందానికి మూల్యం ఉంది. రెండు వాల్వులు రెండు దిక్కులకు వాలితే ఒకే రాకర్ షాఫ్టు చాలదు, ప్రతి హెడ్డుకూ రెండు కావాలి. హెడ్డు వెడల్పవుతుంది, బరువెక్కుతుంది. ప్లగ్గు తీగలు వాల్వు కవరు మధ్యలోంచి గొట్టాల్లో దిగాలి. అందుకే బోనెట్ ఎత్తగానే ఆ నల్లటి వెడల్పాటి కవర్లే కళ్లకు కనిపిస్తాయి. మెకానిక్కులు దీన్ని ఏనుగు అన్నారు. పైన రెండు కార్టర్ కార్బురేటర్లు ఒకదాని వెనక ఒకటి. నెమ్మదిగా పోతున్నప్పుడు వెనకదే పని చేస్తుంది, కాలు లోపలికి తొక్కేకొద్దీ ముందుది తెరుచుకుంటుంది. పాలకోసం వెళ్లినా నడిచేలా, పందేనికి పిలిస్తే రెచ్చిపోయేలా రెండు స్వభావాలను ఒక లివరుతో కలిపారు. కంపెనీ చెప్పిన శక్తి 425 హార్స్‌పవర్. నిజం అంతకన్నా ఎక్కువేనని అప్పటినుంచీ అందరి నమ్మకం.

ఈ హెమీ మొదట రేసుకోసం పుట్టింది. 1964 డేటోనా 500లో రిచర్డ్ పెటీ దీనితోనే గెలిచాడు. జనం కొనుక్కునే రూపం 1966లో వచ్చి 1971తో ఆగిపోయింది. ఇన్సూరెన్సు ప్రీమియాలు, పొగ నిబంధనలు రెండు వైపులా నొక్కాయి. అంటే క్వాల్స్ ఆర్డరిచ్చింది ఆ కాలం ముగియబోతుండగా.

ఇంజన్‌కు వచ్చినంత పేరు కింది భాగానికి రాలేదు గానీ, నా దృష్టిలో ఆలోచన ఎక్కువగా దాగింది అక్కడే. సూపర్ ట్రాక్ ప్యాక్‌తో వచ్చే వెనక ఇరుసు డానా 60, లోపలి పెద్ద పళ్లచక్రం 9¾ అంగుళాలు. చిన్నపాటి లారీకి పనికొచ్చే సరుకు. నిష్పత్తి 4.10. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్టు నాలుగుసార్లకు పైగా తిరగాలి. సిగ్నల్ దగ్గర నుంచి దూకడానికి ఇంతకన్నా మంచిది దొరకదు. హైవే మీదకు పోతే మాత్రం శిక్షే. ఓవర్‌డ్రైవ్ లేని ఆ నాలుగో గేరులో గంటకు వంద కిలోమీటర్ల లోపే ఇంజన్ నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతూ గోల పెడుతుంది. ఈ నిష్పత్తికి టిక్కు పెట్టినవాడు ఊరు దాటి పోదామనుకోలేదని తెలుస్తూనే ఉంది. అతనికి కావలసింది పావుమైలు.

వెనక కమాను కట్టలు చూడండి. మన లారీల్లో కుడి ఎడమ ఒకేలా ఉంటాయి. హెమీ బండ్లలో రెండు వైపులా పట్టీల అమరిక వేరు. ఒక్కసారిగా కాలు తొక్కితే షాఫ్టు తిప్పే బలం ఇరుసునే మెలిపెట్టి కుడి చక్రాన్ని నేల మీంచి లేపాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి ఖరీదైన యంత్రమేదీ పెట్టలేదు, రెండు వైపుల పట్టీలను తేడాగా పేర్చారు. చవకైన సమాధానం, పూర్తిగా సరైన సమాధానం. ఇలాంటివి చూసినప్పుడే ఆ ఇంజనీర్ల మీద గౌరవం పెరుగుతుంది.

పైకప్పు కథ ఇంకోరకం. కార్ల్ కామెరాన్ గీసిన ఆ బాడీలో ఎస్‌ఈ కోసం మరో అచ్చు పోయడం కంపెనీకి దండగ. మామూలు ఛాలెంజర్ వెనక అద్దం చోటునే కొంత పూడ్చి, చిన్న అద్దం బిగించి, ఆ అతుకు కనపడకుండా వినైల్ కప్పేశారు. వేలితో తడిమితే మొసలి చర్మపు గీతలు, దాని కింద దాచిన పూడిక. దర్జాగా కనిపించే చోటే పొదుపు దాగి ఉంది. ఈ వినైల్‌కు నీరు పట్టి కింద రేకు తుప్పుపట్టడం ఈ రకం బండ్లకు పెద్ద జబ్బు. అసలు కప్పుతో మిగిలినవాటికి విలువ రావడానికి అదొక కారణం.

పనితనం అంటున్నాను కదా అని ప్రతి అతుకూ ముత్యంలా ఉంటుందనుకోకండి. ఆ కాలపు క్రైస్లర్ బండ్లలో తలుపుల సందులు ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు. తలుపు లోపలి ప్లాస్టిక్ చూస్తే ఇంత ఖరీదు బండికి ఇదేంటనిపిస్తుంది. ఈ బండి డెట్రాయిట్ మధ్యలో విడి ఊరిగా ఉన్న హామ్‌ట్రామిక్‌లోని ఫ్యాక్టరీలో తయారైంది. ఊళ్లో దాన్ని డాడ్జ్ మెయిన్ అనేవారు. 1968లో నల్లజాతి కార్మికులు అక్కడే డ్రమ్ అనే పేరుతో సంఘం కట్టి, లైను వేగం మీదా వివక్ష మీదా సమ్మెకు దిగారు. ఆపకుండా తోసుకుపోయే లైను మీద, అలసిన చేతులు బిగించిన బండి ఇది. దాన్ని ఆర్డరిచ్చినవాడు నల్లజాతి పోలీసు. అప్పటి డెట్రాయిట్ పోలీసు శాఖలో అలాంటివాళ్లు కొద్దిమందే. రోడ్డు మీద తన పేరు బయటపెట్టకపోవడానికి ఉద్యోగ భయం ఒక్కటే కారణమా అని అడగాలనిపిస్తుంది.

వుడ్‌వర్డ్ అవెన్యూ డెట్రాయిట్ నది ఒడ్డున మొదలై పాంటియాక్ దాకా సుమారు 43 కిలోమీటర్లు తిన్నగా పోతుంది. ఇప్పుడు ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో ఇళ్లు కట్టుకుని కార్ల కంపెనీల్లో పనిచేస్తున్న మన తెలుగు ఇంజనీర్లలో చాలామందికి అది పరిచయమైన రోడ్డే. అరవైల్లో రాత్రయితే అక్కడ సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పందేలు నడిచేవి. కంపెనీల ఇంజనీర్లే కొత్త ఇంజన్లను రహస్యంగా తెచ్చి పరీక్షించేవారు. జనం నడిచే రోడ్డు మీద అలా తోలడం నేరమూ ప్రమాదమూ, ఎంత ముద్దుగా చెప్పుకున్నా. క్వాల్స్ డాష్‌బోర్డు మీద వంద డాలర్ల నోటు పెట్టి, బండి దూకుతున్నప్పుడు దాన్ని అందుకోగలిగితే తీసుకోమనేవాడని చెప్పుకుంటారు. వీపు సీటుకు అతుక్కుపోతే చెయ్యి ఎలా సాగుతుంది? డెబ్బైల మధ్యలో అతని పందేలు ఆగాయి. బండి ఇంటి గరాజులో చేరింది.

అమ్మకం దగ్గర ఈ బండికి విలువ తెచ్చిన పని అక్కడ మొదలైంది, అదీ ఏమీ చేయకపోవడం రూపంలో. క్వాల్స్ దాన్ని అమ్మలేదు. కొత్త రంగు వేయించలేదు, టింకరింగు చేయించలేదు. ఇలాంటి బండ్లను చాలామంది తిరగదోడి ఫ్యాక్టరీలో కూడా లేని మెరుపు తెప్పిస్తారు. మంచి పునరుద్ధరణ నిపుణులైతే లైను మీద ఇన్‌స్పెక్టర్లు సుద్దతో గీసిన గుర్తులు, బాడీ కింద కారిన రంగు చుక్కలు కూడా మళ్లీ సృష్టిస్తారు. అదీ గొప్ప నైపుణ్యమే, కాదనను. కానీ అసలు సుద్ద గుర్తు ఒక్కసారే పడుతుంది. క్వాల్స్ 2015 డిసెంబరులో కన్నుమూశాడు, బండి కొడుక్కు వచ్చింది. 2020లో దాన్ని అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో చేర్చారు. ఆ రిజిస్టరు కోసం తయారుచేసే కొలతలు, ఫోటోలు, కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రమవుతాయి.

అలాంటి బండిని అమ్మాలంటే మొదట నిలబడాల్సింది కాగితాల పరీక్షకు. మన దగ్గర ఆర్టీవో ఆఫీసులో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారే, ఇక్కడ ఆ పనే వందరెట్లు. 1970 ఛాలెంజర్ ఆర్/టి ఎస్‌ఈ నంబరు జెఎస్29తో మొదలవుతుంది. ఆ తర్వాతి ఆర్ అంటే హెమీ. సున్నా అంటే 1970. బి అంటే హామ్‌ట్రామిక్. బోనెట్ కింద ఎడమ ఫెండర్ లోపల బిగించిన చిన్న రేకు మీద ఇ74, డి21 లాంటి కోడ్లు, ఒకటి హెమీకి, ఒకటి నాలుగు గేర్లకు. ఇంజన్ బ్లాకు మీద కొట్టిన అంకెలు బండి నంబరుతో కలవాలి. అదృష్టముంటే కార్మికులు సీటు స్ప్రింగుల్లో వదిలేసిన ఆర్డరు కాగితం కూడా దొరుకుతుంది. హెమీ బండ్లకు నకిలీలు తయారుచేసే మాయగాళ్లు లేకపోలేదు. మామూలు 383 బండిలో హెమీ దింపి అసలుదని అమ్మేస్తారు. మొదటి నుంచీ ఒకే కుటుంబం చేతిలో, ఒకే ఊళ్లో ఉన్న బండికి ఆ అనుమానాలు తక్కువ. పది లక్షల డాలర్లలో ఎంత భాగం లోహానికి, ఎంత భాగం ఈ ధీమాకు ఇచ్చారో వేలంలో చెయ్యెత్తినవాళ్లే చెప్పాలి. లోహం వాటా సగమైనా ఉండదని నా అంచనా.

వేలానికి కొద్ది నెలల ముందే, ఛాలెంజర్‌కు వీడ్కోలు పలుకుతూ డాడ్జ్ కంపెనీ బ్లాక్ ఘోస్ట్ పేరుతో 300 కార్లు ప్రకటించింది. శక్తి 807 హార్స్‌పవర్, అసలు బండికి దాదాపు రెట్టింపు. నల్ల రంగు వచ్చింది, తోక మీద తెల్ల చార వచ్చింది, మొసలి చర్మపు కప్పు వచ్చింది. కానీ అది ఆటోమేటిక్ గేరుబాక్సుతో మాత్రమే దొరికింది. క్వాల్స్ ఫారం మీద గేర్ల దగ్గర పెట్టిన టిక్కు, క్లచ్చు పెడల్, పిస్తోలు పిడిలా వంగిన గేరు కర్ర కంపెనీ చేసిన ఆ నకల్లో లేవు.