రాత్రి ప్రార్థనలో ముఖారి

మా అమ్మమ్మ పాటల పుస్తకానికి అట్ట లేదు. ఎప్పుడో ఊడిపోతే గోనెసంచి దారంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం తొడిగింది. ఆ పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. గుడివాడ నుంచి బంటుమిల్లి వైపు పోయే దారిలో, కాలువ గట్టు కింద ఇల్లు. రోజూ రాత్రి అన్నాలకు ముందు వసారాలో చాప పరిచి, లాంతరు పక్కన పెట్టుకుని ఆమె ఆ పుస్తకం తెరిచేది. ఆమెకు చదువు రాదు. నూనె మరక పడిన పుట ఒక పాట, మూల చిరిగిన పుట ఇంకో పాట, పసుపు వేలిముద్ర ఉన్నది మరొకటి. పుట తీసి ఒడిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని పాడేది.

హార్మోనియం లేదు, డోలక్ లేదు. తొడ మీద అరచేయి వేసే దెబ్బే తాళం. పల్లవి ఒకసారి ఆమె ఒక్కతే అనేది. రెండోసారికి తాతయ్య గొంతు కింది స్థాయిలో వచ్చి కలిసేది. మూడోసారికి పిన్నులు, పిల్లలం. చరణం చివర మళ్లీ పల్లవి అందుకునే ముందు ఆమె ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడంలో కాలువ నీటి చప్పుడు వినిపించేది, పాకలో గేదె నెమరు వేస్తున్న చప్పుడు వినిపించేది. ఆ తర్వాత పల్లవి కొత్తగా పుట్టినట్టు వచ్చేది. గొప్ప గొప్ప కచేరీలు విన్నాను కానీ, నిశ్శబ్దాన్ని అంత నిండుగా వాడుకున్న గొంతును నేను మళ్లీ వినలేదు.

శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజుల్లో, ఆమె ఒక పాట విడవకుండా పాడేది. పుస్తకంలో ఆ పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉన్నాయి: ముఖారి, ఆది. అది ఎవరూ చదివేవారు కాదు. చాలా ఏళ్ల తర్వాత విజయవాడలో సంగీతం చెప్పే ఒక పెద్దాయన ముందు ఆ వరస పాడి వినిపించాను. ఆయన సగంలో ఆపి, ఒక పాదం చివర మళ్లీ పాడమన్నారు. ముఖారిలో పైకి ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం పలుకుతుంది, దిగేటప్పుడు దానికంటే కిందిదైన శుద్ధ ధైవతం పలుకుతుంది. ఎక్కిన మెట్టు మీదుగానే దిగుతాం కానీ దిగేసరికి ఆ మెట్టు కాస్త కుంగి ఉంటుంది. ఆ రాగంలోని దుఃఖమంతా ఆ కుంగుబాటులో ఉంది. మా అమ్మమ్మ వరస చాలాచోట్ల రాగం గట్టు దాటి పల్లెపదం వైపు జారిపోయింది. ఆ ఒక్క దిగుడు మాత్రం చెక్కుచెదరలేదు. సిలువ మాట వచ్చేచోట స్వరం కుంగాలని ఆమెకు శాస్త్రం చెప్పలేదు, వాళ్ల అమ్మ గొంతు చెప్పింది.

ఈ నేలకు పాట కొత్త కాదు. క్షేత్రయ్య పదాలు పుట్టిన మొవ్వ, అడుగుకూ పాటకూ పెళ్లి చేసిన కూచిపూడి ఈ కృష్ణా డెల్టాలోనే, ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. ధనుర్మాసపు తెల్లవారుజామున తిరుప్పావై వినిపించే వీధికి నాలుగడుగుల అవతల, అదే డిసెంబరు చలిలో క్రిస్మస్ పాటలు పాడుకుంటూ పిల్లలు తిరుగుతారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. ఆ కేంద్రం పేరు చెప్పగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది పొద్దుటి భక్తిరంజని. తెల్లవారడానికి ముందు దేవుణ్ణి పాటతో పలకరించడం ఇక్కడ అందరి అలవాటు. క్రైస్తవ కీర్తన ఆ అలవాటులోకే వచ్చి కూర్చుంది.

దాన్ని తెచ్చి కూర్చోబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్మి, 1890లో కన్నుమూసేలోగా వందకు పైగా కీర్తనలు కట్టాడు. పాశ్చాత్యుల బాణీలకు తెలుగు మాటలు అతికించే దారి ఆయన ముందు ఉండనే ఉంది. ఆయన పల్లవి, అనుపల్లవి, చరణాల దారి పట్టాడు. నా దృష్టిలో తెలుగు క్రైస్తవానికి జరిగిన అతి పెద్ద మేలు అది. పాడడానికి ఒక గొంతు చాలని, తాళానికి ఒక అరచేయి చాలని, ఎన్నిసార్లయినా పల్లవి దగ్గరికి తిరిగి రావచ్చని చెప్పే రూపం కీర్తన. రోజూ చేసుకునే ప్రార్థనకు అంతకంటే సరిపడే రూపం ఏముంటుంది?

ఎవరి నోటికి ఈ రాగాలు వచ్చాయన్నది ఇంకా పెద్ద సంగతి. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరారు. 1843లో నోబుల్ తెరిచిన బడి అగ్రవర్ణాల పిల్లల కోసం మొదలైంది. విశ్వాసం మాత్రం మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వేరూనింది. పగలంతా ఊడ్పుల్లోనో కోతల్లోనో నడుం వంచినవాళ్లను రాత్రి పూట పోగుచేసి, పంతులుగారు పాటలు, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు కంఠతా పట్టించేవారు. చర్చి గంట కొన్నిచోట్ల రైలు పట్టా ముక్క. అది మోగితే కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చునేవారు. గుడిలోకి రానివ్వని, బడి మెట్టెక్కనివ్వని లోకం వాళ్లది. సంగీతం నేర్పడానికి గురువు దొరకని మనుషులు శంకరాభరణం, బిలహరి, ఆనందభైరవి పేర్లయినా తెలియకుండా, అలసిన ఒంటితో, రాత్రి తర్వాత రాత్రి పాడి ఆ రాగాలను సొంతం చేసుకున్నారు. కృష్ణా డెల్టా సంగీత చరిత్ర రాసేవాళ్లు ఈ అధ్యాయం వదిలేస్తే ఆ చరిత్ర సగమే.

మా వసారాలో పాట అయ్యాక బైబిలు వాక్యం. మనవళ్లలో ఎవరో ఒకరు చదవాలి. ఆ తర్వాత అమ్మమ్మ ప్రార్థన. పగలంతా కృష్ణా జిల్లా యాసలో గేదెను అదిలించి, పిల్లల్ని కసిరిన నోరే ఆ వేళ 'ప్రార్థించుచున్నాము', 'అనుగ్రహించుము' అనేది. చదువురాని మనిషి నోట గ్రాంథికం! పాత తెలుగు బైబిలు విని విని ఆమెకు అబ్బిన భాష అది. దేవుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఉతికిన చీర కట్టుకున్నట్టు, ఉతికిన మాట కట్టుకునేది. మధ్యలో ఎక్కడో కూతురి కాన్పు సంగతి రాగానే గ్రాంథికం జారిపోయి, 'నాయనా, పిల్లను నువ్వే చూసుకో' అని ఇంటి మాట దొర్లేది. ఆ జారుపాటులోనే నాకు ఏడుపు వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

అదే పాట, అవే మాటలు, అదే చాప. విసుగు రాదా? మన అలంకారికులకు ఈ ప్రశ్న తెలుసు. రసానుభవాన్ని అభినవగుప్తుడు చర్వణ అన్నాడు, అంటే నమలడం, నమిలి నమిలి రుచి తేల్చుకోవడం. కీర్తనల గ్రంథం మొదటి కీర్తనలో దివారాత్రాలు ధ్యానించేవాడు ధన్యుడన్నప్పుడు, అక్కడి హీబ్రూ మాటకు నోట్లో మెల్లగా అనుకోవడమనే అర్థం కూడా ఉంది. పాకలో మా గేదె చేస్తున్నదీ, వసారాలో మా అమ్మమ్మ చేస్తున్నదీ తెలుగులో ఒకే మాటతో చెప్పుకోవచ్చు: నెమరు. మొదటిసారి పాడినప్పుడు పాట బాగుంటుంది. వందోసారికి అలవాటవుతుంది. వెయ్యి దాటాక మాటల్లోంచి మాటలు వస్తాయి. తాతయ్య పోయిన ఏడు ఆమె అదే పాట అదే వరసలో పాడింది. రెండోసారి పల్లవికి కలవాల్సిన కింది గొంతు లేదు. ఆ ఖాళీని ఎవరూ నింపకుండా ఆమె ఆగింది, తాళం మాత్రం తొడ మీద నడిచింది. ఆ రాత్రి నాకు ఆ పాట అర్థమైంది. అంతకు ముందు పాడిన వేల రాత్రులు లేకపోతే ఆ ఖాళీకి అర్థమే లేదు.

ఇలా ఒకే ప్రార్థనను నెమరు వేసినవాడు ఇంకొకడున్నాడు. బెజవాడకు ఎగువనున్న రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. క్రీస్తు పేరు వినక ముందే, విగ్రహాలు విడిచిపెట్టి, నువ్వెవరివో ఎక్కడున్నావో నాకు కనపడమని తెలియని దేవుణ్ణి ఏళ్ల తరబడి రోజూ అడిగాడు. 1859లో బెజవాడ కృష్ణ ఒడ్డున మిషనరీ డార్లింగ్‌ను కలిశాకనే ఆయనకు జవాబు దొరికింది. ఆ జవాబు గురించి చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసేది అంతకు ముందటి ఏళ్లు. పేరు తెలియని దేవుడికి రోజూ అదే చిన్న ప్రార్థన చేసిన మనిషి ఓర్పుకు ఒక లయ ఉంది. డెల్టా రాత్రి ప్రార్థనలన్నిటి కింద ఆ లయ నాకు వినిపిస్తుంది.

కతోలికుల ఇళ్లలో ఇదే పని జపమాల చేస్తుంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు విజయవాడ గుణదల కొండెక్కే జనంలో పూసలు అరిగి నున్నబడిన మాలలు చూడండి. మా ఇంట్లో అరిగినది పుస్తకం.

ఇంకొక్కటి చెప్పాలి. ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మమ్మ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. డెల్టా పల్లెల్లో ఎందరో క్రైస్తవ స్త్రీల అలవాటది. ఆదివారానికి ఆ బియ్యం గుడికి వెళ్లేది. పిడికిలి మూసి, కుండ మీద తెరిచేటప్పుడు గింజలు రాలే చప్పుడు వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉండేది. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు కూడా పిడికిలి చిన్నదయ్యేది కాదు. అందమైన చేతి ముద్రలు నాట్యంలో ఎన్నో చూశాం. ఆ చేయి తెరుచుకోవడం వాటి సరసన పెట్టదగిన ముద్ర.

ఇప్పుడు ఊరి గుడిలో కీబోర్డు ఉంది, మైకు ఉంది, తెర మీద మాటలు వస్తాయి. కొత్త పాటల్లోనూ మంచివి ఉన్నాయి. కానీ నెలకొకటి మారే పాటను నెమరు వేయలేం. నమలకముందే మింగేస్తున్నాం. రాత్రి ప్రార్థన ఫోనులో వినేదిగా మారిన ఇళ్లలో పిల్లలకు పల్లవి అందుకునే చోటు తెలియడం లేదు.

మీ ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ ఎవరైనా ఈ కీర్తనలు పాడుతుంటే, ఈ రాత్రే పక్కన కూర్చోండి. పాట సంఖ్య అడిగి రాసుకోండి, ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి, ఆమె గొంతు రికార్డు చేయండి. ఆమె ఆగినప్పుడు ఆపేయకండి, ఆ ఆగడం కూడా రికార్డు కానివ్వండి. అచ్చు పుస్తకంలో రాగం పేరుంది, తాళం పేరుంది. వరస లేదు.