కూలఁబోవు వాడలు, ఛాయాచిత్రములు

పురవర్ణనము మహాకావ్యమునకు అంగమని దండి మొదలుగాఁగల లాక్షణికులు చెప్పియున్నారు. మన ప్రబంధకవులును ఆ యాజ్ఞను శిరసావహించిరి. కోట, అగడ్త, మేడలు, ఉద్యానములు, నాలుగు వర్ణములవారు, ఏనుఁగులు, గుఱ్ఱములు, వారకాంతలు. ఈ వరుస తఱుచుగాఁ దప్పదు. కాని యా పురమునఁ గాపురముండిన యొక్క మనుష్యుని ముఖమైనను మనకుఁ గానరాదు. క్రీడాభిరామము వేఱు త్రోవఁ ద్రొక్కినది. దాని కర్తృత్వవివాదము ఇచట ననవసరము. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులలోఁ దిరుగుచుండఁగా పూటకూటియిల్లు, ఏకవీర పాటలు, మాచలదేవి చిత్రశాల మన యెదుట నిలుచును. కాకతీయరాజ్యము 1323లో నంతరించిన తరువాత వెలసిన గ్రంథమగుటచేత, పోయిన పురమును బోనీయక పట్టుకొన్న వ్రాతగా దానిని జదువుటకు వీలున్నది.

గడచిన నూటయేఁబది సంవత్సరములకు పైఁబడి ఈ పని కొంత ఛాయాచిత్రము పాలఁబడినది. మహానగరములలో పాఁతవాడలను గూల్చి క్రొత్తకట్టడములను నిర్మించునపుడు, కూలకమునుపు ఆ వీథులను, అచటి జనులను చిత్రములలో నిలుపు వాడుక యేర్పడెను. ఇట్టి సంపుటములను జూచి విడిచిపెట్టక గ్రంథములవలెఁ జదువవలెనని నా యభిప్రాయము. చదువఁగా మొదట నడుగవలసిన ప్రశ్న యిది: చిత్రములోనివానికి అందుఁ గల స్థానమెట్టిది? అతఁడు వక్తయా, లేక సాక్ష్యముగాఁ జూపఁబడిన వస్తువా?

స్కాట్లండు దేశమందలి గ్లాస్గోలో 1866లో నొక శాసనము పుట్టెను. నగరమధ్యమున ఇఱుకుసందులలోఁ గ్రిక్కిఱిసియున్న యిండ్లను గొని కూల్చుటకు నగరాభివృద్ధి సంఘమునకు అది యధికార మిచ్చెను. సంఘమువారు 1868లో థామస్ అన్నన్ అను ఛాయాచిత్రకారుని నియమించిరి. అతఁడు 1871 వఱకు ఆ సందులలోఁ బనిచేసెను. ఆనాఁటి పద్ధతి తడి గాజుపలకలది. పలకకు మందు పూసి, తడి యాఱకమునుపే చిత్రము దీసి, వెంటనే కడుగవలెను. ఆ సందులలో వెలుతురు తక్కువ యగుటచే కటకపు మూఁతను జాలసేపు తెఱచి యుంచవలసివచ్చెను. గోడలు కదలవు గనుక స్పష్టముగాఁ బడినవి. జనులలో కదలక నిలిచినవారు నిలిచిరి. కదలినవారు పొగవలెఁ దేలిరి. బిడ్డల సంగతి చెప్పనేల! చోటు విడువఁబోవు జనులు అప్పుడే నీడలైరని చెప్పి, ఈ మసకను ధ్వనిగా వ్యాఖ్యానించుట సులభము. కాని అది రసాయనముల వలనఁ గలిగినదే గాని చిత్రకారుని హృదయము వలనఁ గలిగినది కాదు. వాచ్యమును దెలిసికొనక వ్యంగ్యము నారోపించుట విమర్శకు లక్షణము గాదు.

అన్నన్ చిత్రములలో విచారింపవలసినది మసక కాదు, శీర్షిక. 'హైస్ట్రీటు 118వ సంఖ్య సందు' అనునట్టివి ఆయన పేళ్లు. సందునకు సంఖ్య కలదు. సందు మొగమున నిలిచి మనవైపు చూచుచున్నవారికిఁ బేరు లేదు. పని చేయించినది కూల్చువారు. వారికిఁ గావలసినది స్థలముల పట్టిక. అందు జనులు కొలతకు నిలిపిన కఱ్ఱలవంటివారు. ఐనను ఆ ముఖములు పట్టికకు లోఁబడకున్నవి. గోడకుఁ జేరగిలి నిలిచిన ఆ బీదజనులు యజమానికిఁ గావలసిన దానికంటె నెక్కువ చెప్పుచున్నారు. 1900లో ఈ చిత్రములు మరల సంపుటముగా వెలువడుటకు కారణ మిదియే కాఁబోలు. అప్పటికి పట్టికతోఁ బని తీఱిపోయినది గదా!

పారిసు నగరమున షార్ల్ మార్విల్ తీసిన వానిని గుఱించి పెక్కు మాటలు వలదు. అతఁడును నగరపాలకుల నియోగముననే, హౌస్మన్ సంస్కరణములకు బలియగు వీథులను నాలుగువందలకుఁ బైఁగాఁ జిత్రించెను. తడిసిన రాతిపఱపుల మెఱుఁగు అతనివలెఁ జూపినవారు అరుదు. కాని వీథులు దాదాపు శూన్యములు. అది కట్టడముల కావ్యము. జనుల కావ్యము కాదు.

ఇఁక హాంకాంగులోని కౌలూన్ కోటవాడకు వత్తము. 1898 నాఁటి యొడంబడికచే ఆంగ్లేయులు ఆ ప్రాంతపు భూములను 99 సంవత్సరములకుఁ గౌలునకుఁ దీసికొన్నపుడు ఈ చిన్నకోట చీనా యధికారుల క్రిందనే నిలిచెను. మఱుసటియేఁడే ఆంగ్లేయులు వారిని వెడలఁగొట్టిరి. పిమ్మట ఎవరి పాలనయు అందు సరిగా సాగలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపానీయులు కోటగోడను బడఁగొట్టి ఆ రాళ్లను విమానాశ్రయమునకు వాడుకొనిరి. యుద్ధానంతరము చీనానుండి శరణార్థులు వచ్చి చేరిరి. సుమారు ఆఱున్నర యకరముల నేలమీఁద మూఁడువందలకు పైఁబడిన కట్టడములు ఒకదాని నొకటి యానుకొని పది మొదలు పదునాలుగంతస్తుల వఱకు లేచినవి. చెంతనే కైటక్ విమానాశ్రయ ముండుటచే అంతకు మించి లేవలేదు. 1987 జనవరి 14వ తేదిని ప్రభుత్వమువారు దీనిని గూల్చి ఉద్యానము చేయుదుమని ప్రకటించిరి. అప్పటి జనసంఖ్య సుమారు 33,000. పరిహారముగా 270 కోట్ల హాంకాంగు డాలర్లు కేటాయింపఁబడెను. 1993 మార్చిలోఁ గూల్చుట మొదలై 1994 ఏప్రిలులో ముగిసెను.

కెనడా దేశీయుఁడైన గ్రెగ్ జిరార్డును, వాస్తువిద్య నభ్యసించిన ఇయన్ లాంబట్ అను ఆంగ్లేయుఁడును ఈ చివరి సంవత్సరములలో వాడలోఁ దిరిగి తీసిన చిత్రములు 'చీఁకటినగరము' అను నర్థముగల ఆంగ్లనామముతో 1993లో గ్రంథమైనవి. మూఁడువందల యిరువదికి మించిన చిత్రములు. వానితోడ 32 దీర్ఘసంభాషణములు. ఈ సంభాషణములే గ్రంథమునకుఁ బ్రాణమని నా తలంపు. అన్నన్ చిత్రములలో మూఁగవోయి నిలిచిన జనుఁడు ఇచట నోరు విప్పినాఁడు. చేఁపయుండలు చేయువారు, నూడుల్సు చేయువారు, చీనాలో విద్య నేర్చినను హాంకాంగు శాసనము గుర్తింపనందున ఈ వాడలో అంగడి పెట్టుకొన్న పండ్లవైద్యులు, పైకప్పులమీఁద నాడుకొను బిడ్డలు, ఈ చిక్కుదారులలో నుత్తరములు చేర్చు తపాలాబంట్రోతు: వీరందఱు తమ పనిలో నున్నట్లు కానవత్తురు. దయనీయముగాఁ జేయి చాఁచి నిలిపిన ముఖము లిందుఁ బ్రధానములు గావు. పిండిపడిన చేతులకు, దీపము క్రింద వంగిన మెడకు ఇచట ప్రాముఖ్యము. బీదతనమును దాఁచలేదు, బీదతనమొక్కటే యా జనుల గుణమని చెప్పనులేదు. కూల్చువారు ఈ వాడను పాపకూపమనిరి. కూలిన పిదప వగచువారు దానిని పరస్పరసాహాయ్యమున కాటపట్టనిరి. నూడుల్సు చేయువాఁడు ఈ రెంటిలో దేనికిని నిదర్శనముగా నిలువక తన పిండిని దాను బిసికికొనుచున్నాఁడు.

ఇంత మెచ్చిన పిమ్మట దోషములను జెప్పక తప్పదు. మొదటిది పేరు. 'చీఁకటినగరము' అను పిలుపు హాంకాంగు జనుల నోటఁ గలదన్నమాట నిజమే. పగలును దీపములు లేక నడువరాని సందులకు అది తగినదే. ఐనను బయటివారి నోట ఆ చీఁకటి దారులను మాత్రమే గాక శీలమునుగూడ సూచించును. లోపలి పుటలు ఖండించుచున్న యపవాదమును అట్టమీఁద నెక్కించుట యుచితముగాఁ దోఁపదు. రెండవది కాలమునకు సంబంధించినది. ఈ వాడలోఁ జిరకాలము రహస్యముఠాల పెత్తనము సాగెను. 1973, 1974 సంవత్సరములలో పోలీసులు పలుమాఱులు దాడి చేసి దానిని సన్నగిల్లఁజేసిరి. చిత్రకారులు వచ్చినది అటుపిమ్మట పదియేండ్లకుఁ బైఁగా గడచిన తరువాత. వీరి చిత్రములలోని నెమ్మది ఆ వాడయొక్క అంత్యదశకుఁ జెందినది. యావజ్జీవమునకుఁ బ్రమాణము గాదు. పాఠకుఁ డీ భేదమును మఱచెనేని గ్రంథమునకే యపకారము. 2014లో సవరించి పెంచిన కూర్పు వెలువడినపుడును మొదటి పేరు పోలేదు.

ఆ వాడనే జపాను ఛాయాచిత్రకారుఁడు మియామొటో ర్యూజి 1987 ప్రాంతమునఁ జిత్రించెను. అతని దృష్టి జనులకంటె గోడలమీఁదనే నిలిచినది. మార్విల్ త్రోవ యది.

మఱియొక జపాను గ్రంథము చర్చింపఁదగినది. జనులు వెడలిన తరువాత, కూల్చుటకు ముందు, జపానీయ పరిశోధకులు కొందఱు శూన్యమైన ఆ కట్టడములలోఁ బ్రవేశించి కొలతలు తీసికొనిరి. ఆ కొలతలనుబట్టి వాడనంతయు నిలువునఁ గోసినట్లు చూపు పెద్దచిత్రము చేతితో గీయఁబడి 1997లో ఇవనామి ప్రచురణాలయమువారి గ్రంథమున వెలువడెను. అందు ప్రతి గదిలోను మనుష్యులు కలరు: వండువారు, నిద్రించువారు, కుట్టువారు. కొలతలు సత్యములు, మనుష్యులు ఊహాకల్పితులు. ఇది మరల మన ప్రబంధముల పురవర్ణనమే. సమగ్రతలో ఛాయాచిత్రము దీనికి సాటిరాదు, ఒక కటకమునకు ఒక గదికంటె నెక్కువ యందదు గనుక. కాని కుట్టుచున్న యా స్త్రీ యెవరని యడిగినచో జపాను చిత్రము బదులు చెప్పలేదు; ఆమె ఏ యొక్కతెయుఁ గాదు. జిరార్డు, లాంబట్ల గ్రంథమున చేఁపయుండలు చేయువాని పుట దగ్గఱ అదే ప్రశ్న వేసితిమేని, ప్రక్కనే అతని మాట యచ్చుపడి యున్నది.