రొయ్యమ్మా, రావమ్మా!

నడిసంద్రంలో పుట్టి, పసితనాన గోదారి పాయల్ని వెతుక్కుంటూ వచ్చి, కోరంగి మడచెట్ల వేళ్ల నడుమ దోబూచులాడినదానా! బారెడు మీసాలతో బురదనీటి వెన్నెలను తడిమినదానా! నువ్వొస్తే మా వంటిల్లే ఒక రేవు, మా ఆకలే ఒక అల.

2009 తర్వాత పసిఫిక్ తీరపు వనామీ రొయ్య మా చెరువులన్నీ నింపేసింది. దానిదీ రుచే, కాదనను. నా మొక్కు మాత్రం నల్లచారల టైగర్ రొయ్యకే.

తల తీసి, తోక ఉంచి పెంకు వలిచి, వీపున చాకుమొనతో గీసి నల్లటి నరం లాగేశాను. పసుపూ ఉప్పూ రాసి కడిగాను. అల్లంవెల్లుల్లి, కారం, నిమ్మరసం, పైన పల్చగా బియ్యప్పిండి. ఇంతే నీ సింగారం. శనగపిండి దుప్పటి కప్పేవాళ్లున్నారు, నాకు మనసొప్పదు. నీ నడుమొంపు కనబడాలి.

మూకుడులో వేరుశనగ నూనె కాగింది. నిన్ను జారవిడిచాను. చుయ్‌మని తొలకరి కురిసినట్టు చప్పుడు! ఇదిగో, చూస్తుండగానే, ఆ నీలిబూడిద తోకలో తెల్లవారుతోంది. ఇన్నాళ్లూ ప్రొటీన్ కౌగిట్లో నీలమై నిద్రపోయిన ఆస్టాక్సాంథిన్ అనే ఎరుపు, సెగ తగలగానే కౌగిలి విడిపించుకుని కళ్లు తెరిచింది. తోక కెంపు, వీపు పగడం, పొట్ట ముత్యం. ఎవరూ అద్దని రంగు, ఎవరూ దిద్దని పారాణి! రెండు నిమిషాలు, మహా అయితే మూడు. ఆపైన ఆగితే అలుగుతావు, రబ్బరులా బిగుస్తావు. గుప్పెడు కరివేపాకు చిటపటమనగానే దించేశాను.

నీ జోడు రోట్లో ఎదురుచూస్తోంది. పుల్లటి పచ్చిమామిడి, పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, వేయించిన జీలకర్ర, రాళ్లుప్పు, చిటికెడు బెల్లం. పచ్చడిబండ కింద మామిడిముక్క నలిగినప్పుడల్లా వేసవి వాసన గుప్పుమంటుంది. కచ్చాపచ్చాగా నూరి, నాలుగు చెంచాల నీళ్లతో జారుగా కలిపాను. నువ్వు కరకర, అది పుల్లపుల్లన. నువ్వు సెగ, అది చలువ. నువ్వు సముద్రం, అది తోట. తోక పట్టుకుని ఆ పచ్చదనంలో నిన్ను ముంచి నోట పెట్టుకుంటే, పంటికింద మొదట పెళుసు, ఆ వెనకే తీపి, ఆఖరున నాలుక చివర మిరప మెరుపు.

చల్లారితే ఈ కరకర ఉండదు. విస్తరి వేశాను, చేతులు కడుక్కుని రండి.