ఆఖరి రైలు చూసుకున్నాకే మొదటి అడుగు

ఇంగ్లండ్ పల్లెల్లో నడవాలంటే కారు ఉండి తీరాలని అక్కడికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. చదువుకోవడానికి షెఫీల్డ్‌కో మాంచెస్టర్‌కో వెళ్ళిన పిల్లలు, గంటలోపు ప్రయాణంలో ఉన్న కొండల్ని చూడకుండానే కోర్సు ముగించుకుంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలు లండన్ చూసుకుని వచ్చేస్తారు. నిజానికి ఆ దేశంలో పల్లె నడక ఇంతగా పాకింది రైళ్ళ పుణ్యాన. వారానికి ఒక్క ఆదివారం సెలవు దొరికే మిల్లు కార్మికులు, గుమస్తాలు చవక టికెట్లు కొనుక్కుని కొండలకు పోయేవారు. కారు లేని వాళ్ళు నిలబెట్టిన అలవాటు అది. దానికి కొన్ని పద్ధతులున్నాయి. అవి పట్టుబడితే కారున్న వాళ్ళకు దొరకని నడక కూడా దొరుకుతుంది.

కారులో వెళ్ళిన వాళ్ళు ఎంత దూరం నడిచినా చివరికి కారు ఆపిన చోటికే రావాలి. రైల్లో వెళ్ళిన వాళ్ళకు ఆ కట్టుబాటు లేదు. ఒక స్టేషన్లో దిగి, కొండ దాటి, అవతలి లోయలో ఇంకో స్టేషన్లో రైలెక్కవచ్చు. దారిలో ఒక్క గజం కూడా రెండోసారి తొక్కనక్కర్లేదు. ఇందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ పీక్ డిస్ట్రిక్ట్‌లోని హోప్ వ్యాలీ. మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య నడిచే రైలు మార్గం ఈ లోయలోంచే పోతుంది. ఈడేల్‌లో దిగి, గట్టెక్కి, మామ్ టోర్ శిఖరం చూసి, గట్టు వెంబడే హాలిన్స్ క్రాస్, బ్యాక్ టోర్, లూజ్ హిల్ దాటి హోప్ స్టేషన్‌కు దిగితే పది పన్నెండు కిలోమీటర్ల నడక. ఎడమ పక్కన ఈడేల్ లోయ, కుడి పక్కన కాసిల్టన్ ఊరు, కాళ్ళ కింద రాతి పలకలు పరిచిన బాట. 517 మీటర్ల మామ్ టోర్‌కు తూర్పు వైపు విరిగిపడ్డ చరియ కనిపిస్తుంది. దాని మీదుగా వేసిన రోడ్డు పదేపదే కుంగిపోతుంటే బాగుచేసి బాగుచేసి విసిగి, 1979లో మూసేశారు. పగిలిన తారు ముక్కలు ఇప్పటికీ మెట్లు మెట్లుగా వంగి పడి ఉన్నాయి.

ఈ నడకను ఎలా సిద్ధం చేసుకోవాలి? అనుభవమున్న వాళ్ళు ముందు చూసేది వెళ్ళే రైలు కాదు, వచ్చే రైలు. ఆఖరి రైలు ఎన్నింటికో చూసి, దాన్ని పక్కన పెట్టి, దానికి ముందు వచ్చే రైలును తమ రైలుగా పెట్టుకుంటారు. ఆఖరిది ఆపద్ధర్మానికే. అక్కణ్ణించి వెనక్కి లెక్క కడతారు. నెయిస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ ఆధారం: గంటకు 5 కిలోమీటర్లు, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆ లెక్కన మన గట్టు నడకకు దాదాపు మూడు గంటలే. కానీ అందులో అన్నం తినడం లేదు, ఫొటోలు లేవు, బురద లేదు, మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు లేరు. నాలుగున్నర గంటలు వేసుకుంటే నిమ్మళంగా నడవవచ్చు. డిసెంబర్‌లో అక్కడ నాలుగు గంటలకల్లా పొద్దుగూకుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. అదే నడక శీతాకాలంలో పొద్దున్నే బయల్దేరితేనే సాగుతుంది.

బస్సు కూడా కలిస్తే ఇంకో మెలకువ కావాలి. పల్లె బస్సులు పల్చగా ఉంటాయి. కొన్ని ఆదివారం ఉండవు, కొన్ని బడి ఉన్న రోజుల్లోనే తిరుగుతాయి. టైంటేబుల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఈ షరతులే అన్నిటికంటే ముఖ్యమైనవి. అందుకే బస్సు ప్రయాణాన్ని పొద్దుటికి పెట్టుకుని, నడక రైలు స్టేషన్ దగ్గర ముగిసేలా చూసుకోవాలి. పొద్దున బస్సు తప్పితే ప్లాను మారుతుంది, అంతే. సాయంత్రం తప్పితే చీకట్లో, చలిలో, ఫోన్ సిగ్నల్ అందని చోట నిలబడిపోతాం. ఇంత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు గానీ, ఆ ఒక్క క్రమం సరిగా ఉంటే రోజంతా గడియారం చూసుకోకుండా నడవవచ్చు.

స్టేషన్ పేరును నమ్మకండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉన్నట్టే అక్కడా ఉంటాయి. సెటిల్-కార్లైల్ మార్గంలో డెంట్ స్టేషన్ ఆ ఊరికి నాలుగు మైళ్ళు పైనే ఉంది, అదీ కొండ మీద. ఇంగ్లండ్ ప్రధాన రైలు మార్గాల్లో అంత ఎత్తున, సుమారు 350 మీటర్ల మీద, ఇంకో స్టేషన్ లేదు. హోప్‌లో కూడా స్టేషన్‌కూ ఊరికీ మధ్య కొంత నడక ఉంది. మ్యాపులో చూస్తే ఇదంతా ముందే తెలిసిపోతుంది.

ఆ మ్యాపు గురించి కాస్త చెప్పాలి. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళు వేసే నారింజ రంగు అట్ట ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో 4 సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. ఈ ప్రాంతానిది ఓఎల్1. ఆకుపచ్చ గీతల్లో పొట్టి ముక్కలుగా ఉన్నది కాలిబాట, పొడుగు ముక్కలుగా ఉన్నది గుర్రాలూ సైకిళ్ళూ కూడా పోగల బాట. వాటి పక్కన సన్నటి నల్లగీతలుంటాయి. అవి పొలాల గోడలు, కంచెలు. కొత్తవాళ్ళు వాటిని పట్టించుకోరు. కానీ బాట గోడకు ఏ పక్కన పోతుందో, ఎన్నో పొలం దగ్గర గోడ దాటాలో చెప్పేది ఆ నల్లగీతలే. నేల మీద గేటు స్తంభానికి పసుపు బాణం ఉంటే కాలిబాట, నీలం ఉంటే గుర్రపు బాట. గోడ దాటడానికి రాతి మెట్లో, ఒక్క మనిషే పట్టి పశువు దూరలేని గేటో ఉంటుంది. బాట గోధుమ చేను మధ్యలోంచి పోతే బెరుకు అక్కర్లేదు. విత్తడానికి దున్నిన రైతు పద్నాలుగు రోజుల్లోగా ఆ బాటను మళ్ళీ కనీసం ఒక మీటరు వెడల్పున తెరవాలని చట్టం. మనం చేయాల్సింది గేటు ఎలా ఉంటే అలా వదిలి వెళ్ళడం, దూడలున్న ఆవుల మందకు దూరంగా చుట్టుతిరిగి పోవడం.

ఇలా నడిచే హక్కు ఊరికే రాలేదు. ఈడేల్‌కు ఉత్తరాన ఉన్న కిండర్ స్కౌట్ బీడు కొండను దొరలు పక్షుల వేట కోసం మూసేసుకున్నారు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే ఇరవయ్యేళ్ళ యువకుడి వెంట వందలమంది దాని మీదికి నడిచారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. మూడేళ్ళకు నడిచేవాళ్ళ సంఘం జాతీయ స్థాయిలో ఏర్పడింది. 1949 చట్టం జాతీయ ఉద్యానాలను తెచ్చింది, కాలిబాటలన్నీ మ్యాపుల్లోకి ఎక్కించమంది. 1965లో ఈడేల్ నుంచే 268 మైళ్ళ పెన్నైన్ వే కాలిబాట మొదలైంది. ఆ రైలు మార్గమూ అలాగే పోట్లాటలో మిగిలిందే. 1963లో రైల్వే ఖర్చు తగ్గించడానికి వచ్చిన బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూయమన్నప్పుడు హోప్ వ్యాలీ మార్గం కూడా ఆ జాబితాలో ఉంది.

బస్సు మీద ఎంత సాధించవచ్చో చెప్పడానికి ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ ఒక్కడు చాలు. కెండల్ పట్టణంలో ఖజానా అధికారి, కారు నడపడం ఎన్నడూ నేర్చుకోలేదు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని 214 కొండల గురించి 1955 నుంచి 1966 దాకా ఏడు సంపుటాలు చేత్తో రాసి, బొమ్మలు గీసి తెచ్చాడు. వారాంతాల్లో ఎక్కువగా బస్సుల్లోనే వెళ్ళి, సాయంత్రం బస్సుకు దిగి వచ్చి చేసిన పని అది. ఆ కొండలెక్కేవాళ్ళ చేతిలో ఇప్పటికీ ఆ పుస్తకాలుంటాయి.

టికెట్ దగ్గర డబ్బు పోగొట్టుకునే వాళ్ళే ఎక్కువ. ఫలానా రైలుకే చెల్లే చవక అడ్వాన్స్ టికెట్ నడకకు పనికిరాదు. వాన పడో, కొండ మీద బాగుండో ఆలస్యమైతే ఆ టికెట్ వృథా. రద్దీ లేని వేళలకిచ్చే రానుపోను టికెట్, రెండిట్లో దూరపు స్టేషన్‌కు కొనుక్కోవాలి. షెఫీల్డ్ నుంచైతే ఈడేల్‌కు, మాంచెస్టర్ నుంచైతే హోప్‌కు. దారిలో దిగడానికీ ఎక్కడానికీ సాధారణంగా ఒప్పుకుంటారు, ఆంక్షలేమైనా ఉన్నాయేమో కొనేటప్పుడే అడగాలి. ముగ్గురు కలిసి వెళ్తే చాలా రైళ్ళలో మూడో వంతు తగ్గింపు వస్తుంది. ఆదివారం పట్టాల పనులకు రైళ్ళు ఆపి బస్సులు వేస్తుంటారు కాబట్టి ముందురోజు రాత్రి ఇంకోసారి చూసుకోవాలి.

గట్టు మధ్యలో వాన ముంచుకొస్తే హాలిన్స్ క్రాస్ దగ్గర ఇరువైపులా దిగే బాటలున్నాయి. ఒకటి ఈడేల్ స్టేషన్‌కు, ఇంకోటి కాసిల్టన్ బస్సుకు. వాతావరణం అనుకూలించి హోప్‌కు చేరేసరికి ఇంకా ఓపిక, వెలుగు ఉంటే ఎదురుగా విన్ హిల్ ఉంది. అదెక్కి అవతల బామ్‌ఫర్డ్ స్టేషన్‌కు దిగవచ్చు. షెఫీల్డ్ నుంచి వచ్చిన వాళ్ళకు చేతిలో ఉన్న ఈడేల్ టికెట్టే సరిపోతుంది.