ఇరవై నిమిషాల లోపలి పనితనం

జబ్బు పడి లేచినవాళ్ళకు వ్యాయామం గురించి చెప్పే మాటలు మన ఇళ్ళలో రెండే రకాలు. "రోజూ నాలుగు అడుగులు వేయండి" అని డాక్టరు గారు అంటారు. "కాస్త ఒళ్ళు వంచితే అదే తగ్గుతుంది" అని చుట్టాలంటారు. ఎన్ని నిమిషాలు, ఎంత వేగం, ఎక్కడ ఆగాలి, రేపు ఎంత పెంచాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. థైరాయిడ్ వల్లో, ఆపరేషన్ తర్వాత నెలల తరబడి పడుకున్నందువల్లో, స్టెరాయిడ్ మాత్రల వల్లో బాగా బరువెక్కిన మనిషి ఒక సోమవారం పొద్దున్నే కొత్త బూట్లు తొడుక్కుని, ఒంట్లో బాగున్ననాటి వేగంతో బయల్దేరతాడు. గురువారానికి పిక్కలు పట్టేస్తాయి. మడమ నొప్పి మొదలవుతుంది. బూట్లు అటకెక్కుతాయి. ఆరంభశూరుడని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. అది అన్యాయం. ఆ మనిషికి పట్టుదల ఉంది, కొలత చెప్పినవాళ్ళే లేరు.

ఆ కొలతను నిమిషాల్లో, సెకన్లలో రాసిపెట్టిన పట్టిక ఒకటుంది. పేరు 'కౌచ్ టు 5కె'. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు, యాభై దాటిన తన తల్లిని మనసులో పెట్టుకుని దీన్ని తయారుచేశాడు. సోఫాకు అలవాటు పడిన మనిషిని 9 వారాల్లో, వారానికి 3 రోజుల చొప్పున, ఐదు కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్ళడం దీని ఉద్దేశం. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని చేపట్టి ఆడియో పాఠాలుగా, యాప్‌గా జనంలోకి తీసుకెళ్ళింది. లక్షలాది మంది దీని సాయంతో పరుగు నేర్చుకున్నారు. క్లార్క్ ఆ తర్వాత ఫోన్ తెరల డిజైనర్‌గా పేరు తెచ్చుకుని, టచ్ స్క్రీన్ల మీద పుస్తకం కూడా రాశాడు. వాడేవాళ్ళ ఇబ్బందిని ముందే ఊహించగల ఆ బుద్ధి ఈ చిన్న పట్టికలో అప్పటికే కనిపిస్తుంది. ఎంత మంది వాడారన్నది అలా ఉంచి, దీన్ని తీరిగ్గా కూర్చుని చదవదగ్గ రచనగా పరిచయం చేయాలని ఉంది.

మొదటి వారం చూడండి. ముందు 5 నిమిషాల చురుకైన నడక. తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. ఇదే వరస 20 నిమిషాలు. అంటే ఎనిమిది సార్లు పరిగెత్తుతారు, మొత్తం పరుగు 8 నిమిషాలే. పరుగు కన్నా నడక ఒకటిన్నర రెట్లు ఎక్కువ ఉండటంలోనే పనితనమంతా ఉంది. నిమిషం పరిగెత్తేసరికి ఆయాసం మొదలవుతుంది గానీ ముదరదు. ఆ తర్వాతి నిమిషన్నరలో ఊపిరి పూర్తిగా కుదుటపడదు, మళ్ళీ పరిగెత్తలేనంత దమ్మూ పోదు. వ్యాయామం గుండెకు తగులుతూనే ఉంటుంది, మనిషికి మాత్రం ఇక నా వల్ల కాదనిపించదు.

అంత తక్కువతో మొదలుపెట్టడం పిరికితనం కాదు. పరిగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. నడకలో అది ఒంటి బరువుకు కాస్త అటూఇటూగానే ఉంటుంది. ఇరవై కిలోలు పెరిగినవాళ్ళ మోకాలికి ఆ తేడా ఎలా తెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఒంట్లో అన్ని భాగాలూ ఒకే వేగంతో గట్టిపడవు. రక్తంలో ద్రవం పెరగడం, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోయడం వారాల్లోనే జరుగుతుంది. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులకూ, ఎముకలకూ నెలలు కావాలి. దమ్ము ముందు వస్తుంది, కాళ్ళు వెనక వస్తాయి. వ్యాయామానికి తిరిగొచ్చినవాళ్ళకు చాలా దెబ్బలు ఈ రెండింటి మధ్య కాలంలోనే తగులుతాయి, ఎందుకంటే దమ్ము వచ్చేసరికి ధైర్యం పెరుగుతుంది.

మంచం పట్టి లేచినవాళ్ళు తెలుసుకోవాల్సిన ప్రయోగం ఒకటుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో, ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు 20 ఏళ్ళ యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ప్రాణవాయువును వాడుకునే వాళ్ళ గరిష్ఠ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. అప్పటికి వాళ్ళ సగటు బరువు 77 కిలోల నుంచి 100 కిలోలకు చేరింది. అయినా ముప్ఫై ఏళ్ళ వయసు తీసుకున్నదాని కన్నా ఆ మూడు వారాల మంచం తీసుకున్నదే ఎక్కువని తేలింది. తర్వాత ఆరు నెలల పాటు నడక, జాగింగ్, సైకిల్ తొక్కడం కొద్దికొద్దిగా పెంచుతూ చేయించారు. బరువు పెద్దగా తగ్గలేదు. దమ్ము మాత్రం ఇరవయ్యో ఏట మొదట కొలిచిన చోటికి వచ్చేసింది. రోజూ తూకం ఎక్కి ముల్లు కదల్లేదని దిగులుపడేవాళ్ళకు ఈ సంగతి ఎంత చెప్పినా తక్కువే.

మళ్ళీ పట్టిక దగ్గరకు వద్దాం. రెండో వారంలో 90 సెకన్ల పరుగు, 2 నిమిషాల నడక, ఆరు సార్లు. మొత్తం పరుగు 9 నిమిషాలు. మూడో వారంలో నిమిషన్నర పరుగు, అంతే నడక, 3 నిమిషాల పరుగు, అంతే నడక, ఇదంతా రెండు సార్లు. కూడి చూస్తే పరుగు మళ్ళీ 9 నిమిషాలే! వారం మారినా మొత్తం మారలేదు. ఒకే బిగిన పరిగెత్తే ముక్క మాత్రం రెట్టింపైంది. కాళ్ళ మీద కొత్త బరువేమీ పెట్టకుండా, మూడు నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలనన్న నమ్మకాన్ని క్లార్క్ మనిషికి ఇచ్చాడు.

ఇంకో లెక్క కూడా వేశాను. మొదటి ఐదు వారాల్లో ఏ రోజు తీసుకున్నా, ముందు నడిచే 5 నిమిషాలు పక్కన పెడితే, మిగిలిన సమయం 18 నుంచి 22 నిమిషాల మధ్యే ఉంటుంది. మొదటి రోజూ దాదాపు ఇరవై, ఐదో వారం చివరి రోజూ ఇరవై. గడియారం ప్రకారం మనిషి ఇచ్చే సమయం పెరగనే పెరగదు, అందులో నడక కొంచెం కొంచెంగా పరుగవుతుంది. సంగీతం టీచరు సరళీ స్వరాలు నేర్పేటప్పుడు ఆది తాళాన్ని అలాగే ఉంచి, అవే స్వరాలను మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో పాడించినట్టు. ఇంటి పనికీ ఆఫీసుకూ మధ్య అరగంట దొరికించుకున్నవాళ్ళకు ఈ ఐదు వారాలూ ఆ అరగంటే చాలు. రేపు ముప్పావుగంట అడుగుతాడేమో అన్న బెంగ లేదు.

ఈ పట్టికలో అందరూ చెప్పుకునేది ఐదో వారం. మొదటి రోజు 5 నిమిషాల పరుగు మూడు సార్లు, మధ్యలో 3 నిమిషాల నడక. రెండో రోజు 8 నిమిషాల పరుగు, 5 నిమిషాల నడక, మళ్ళీ 8 నిమిషాల పరుగు. మూడో రోజు 20 నిమిషాలు ఏకబిగిన పరుగు, నడక లేదు.

మా కాలనీలో ఒక అక్క ఉన్నారు. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక థైరాయిడ్ కూడా తోడై చాలా బరువెక్కారు. డాక్టరు సరేనన్నాకే ఇది మొదలుపెట్టారు. ఆ మూడో రోజు పొద్దున్న ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "ఇది అచ్చుతప్పేమో చూడమ్మా. మొన్న ఎనిమిది నిమిషాలు, ఇవాళ ఇరవయ్యా?" అన్నారు. "అక్కా, మొన్న మీరు రెండు ఎనిమిదులు పరిగెత్తారు. పదహారు అయ్యాయి, ఇవాళ పెరిగేది నాలుగే" అన్నాను. ఆవిడ నమ్మలేదు గానీ చున్నీని అడ్డంగా వేసి నడుం దగ్గర ముడేసుకుని బయల్దేరారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆ వేళకు బళ్ళు తిరగనివ్వరు. పక్కనే వాకింగ్ చేస్తున్న ఓ పెద్దాయన మమ్మల్ని దాటి ముందుకెళ్ళిపోయారు, ఆవిడ పరుగు అంత నెమ్మది. పాదం నేల మీంచి బెత్తెడు కూడా లేవడం లేదు. చేతులు మాత్రం లయగా ఊగుతున్నాయి. వియ్యపురాలి ఊరి సంగతులు పూర్తి వాక్యాల్లో చెబుతూనే ఉన్నారు. పద్నాలుగో నిమిషం దగ్గర వాక్యాలు పొట్టివయ్యాయి, తర్వాత "ఊఁ" మాత్రమే మిగిలింది. ఇరవై అయిందని ఫోన్ చెప్పినా ఆగకుండా ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దాకా వెళ్ళి ఆగారు.

మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. ఇది శిక్షకులు ఎప్పటినుంచో చెప్పే కొలమానం, దీనికి పరికరం అక్కర్లేదు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు చేతి గడియారం చూపే గుండె వేగం అసలే నమ్మదగ్గది కాదు, ఆ మందు గుండెను పైకి ఎగరనివ్వదు. మాటనూ ఊపిరినీ చూసుకోవాలి.

క్లార్క్ నిజమైన గురువని నాకు అనిపించింది మాత్రం ఆరో వారం మొదటి రోజు చూశాక. ఇరవై నిమిషాలు ఏకధాటిగా పరిగెత్తిన మనిషి తర్వాత ఇరవై రెండు వస్తుందనుకుంటాడు. పట్టిక మాత్రం 5, 8, 5 నిమిషాల పరుగు ఇచ్చి మధ్యలో మూడేసి నిమిషాలు నడిపిస్తుంది. ఆ తర్వాతి పాఠం 10 నిమిషాల పరుగు, 3 నడక, మళ్ళీ 10. ఆగకుండా పూర్తిచేసిన అవే ఇరవై నిమిషాలు, ఈసారి మధ్యలో విశ్రాంతితో. పెద్ద పని చేయించిన వెంటనే ఒంటికి సర్దుకునే వ్యవధి ఇచ్చాడు. ఆ తర్వాత 25, 28, 30 నిమిషాలు నేరుగా వస్తాయి, వాటి గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు.

లోపాలు లేవని కాదు. అందరూ ఐదో వారానికి భయపడతారు, నాకు భయం నాలుగో వారం మీద. మూడో వారంలో 9 నిమిషాలున్న పరుగు అక్కడ ఒక్కసారిగా 16 అవుతుంది. ఇదే పట్టికలో అసలైన గెంతు. మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పుట్టేదీ దాదాపు అక్కడే. బరువు ఎక్కువున్నవాళ్ళు మూడో వారాన్ని రెండు సార్లు చేసి అప్పుడు నాలుగులోకి వెళ్ళడం మంచిది. వారాన్ని మళ్ళీ చేయవచ్చని క్లార్కే చెప్పాడు కూడా. రెండో ఇబ్బంది పేరులో ఉన్న ఐదు కిలోమీటర్లు. 30 నిమిషాల్లో అంత దూరం పోవాలంటే కిలోమీటరుకు 6 నిమిషాల వేగం కావాలి. మా అక్క లాంటివాళ్ళు అదే సమయంలో మూడున్నర కిలోమీటర్లు వెళ్తారు. పట్టికలో సమయం, దూరం రెండూ ఇచ్చినచోట సమయాన్నే పట్టుకోవాలి.

గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. ముందు కార్డియాలజిస్టు, ఫిజియోథెరపిస్టు కళ్ళ ముందు నడక నేర్చుకోవాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే షుగరు వాళ్ళు జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆ రోజుకు ఆపేసి డాక్టరుకు చెప్పాలి.

తొమ్మిదో వారంలో మూడు రోజులూ కలిపితే 90 నిమిషాల పరుగు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 75 నిమిషాల తీవ్రమైన వ్యాయామం, లేదా 150 నిమిషాల మధ్యరకం వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీంతో పాటు కండరాలకు బలాన్నిచ్చే పని వారానికి రెండు రోజులైనా ఉండాలంటుంది. ఆ రెండో సగం ఈ పట్టికలో లేదు. పరుగు లేని రోజుల్లో రెండింటిలో దాన్ని మనమే చేర్చుకోవాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి ముందుకు వంగి లేవడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం. మా అక్క ఇప్పుడు ఆ మడమల వ్యాయామాన్ని వంటగది గట్టు పట్టుకుని, కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేదాకా చేస్తున్నారు.