వెన్ను నిటారైనంత మాత్రాన చాలునా?

ద్రాక్షారామము వంటి ఊరిలో వెన్ను వంగిన పిల్లవానికి ఆపరేషను జరిగినచో, చూడవచ్చినవారు మొదట అడుగునది 'వెన్ను నిటారైనదా?' అనియే. వైద్యశాస్త్రము కూడ చాలకాలము ఇట్లే అడిగినది.

వెన్ను ఎంత వంగినదో కొలుచుటకు అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో ఒక కోణమును సూచించెను. ఉక్కుకడ్డీతో వెన్నును నిలుపు పద్ధతిని పాల్ హారింగ్టన్ 1962లో ప్రకటించెను. ఆయన తొలిరోగులలో పెక్కుమంది పోలియో బాధితులు. రెండును మేలే చేసినవి. కాని కోణము తగ్గినది గనుక చికిత్స ఫలించినదనుట విమర్శకు నిలువదు.

ఎక్స్‌రే ఎముకను చూపును గాని ఊపిరి బలమును చూపదు. కండరక్షీణత గల పిల్లలలో శ్వాసకండరములు ముందే బలహీనములు. ఆపరేషను తరువాత మత్తు, నొప్పి వానిని ఇంకను కుంగదీయును. గట్టిగా దగ్గలేనందున కళ్లె పేరుకొని ఊపిరితిత్తిలో కొంతభాగము ముడుచుకొనును, న్యుమోనియా రావచ్చును. మస్తిష్క పక్షవాతము వలన సరిగా మింగలేని బిడ్డకు ఆహారము శ్వాసనాళములోనికి పోవు ముప్పును గలదు.

కావున ఆపరేషనుకు ముందే ఊపిరిని కొలువవలెను. నిండుగా పీల్చి వదలిన గాలి, ఉండవలసినదానిలో 30–40 శాతమునకు తగ్గినచో ప్రమాదము హెచ్చు. అట్టివారికి మాస్కుతో గాలినిచ్చు యంత్రమును, దగ్గుకు తోడ్పడు యంత్రమును ముందుగా అలవాటు చేయుట మంచిది.

పెద్దాసుపత్రి కాకినాడలో నున్నను, ఇల్లు చేరిన బిడ్డను దినదినము చూచువారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులే. ఉదయపు తలనొప్పి, తరగతిలో కునికిపాటు సోమరితనము కాకపోవచ్చును. రాత్రివేళ ఊపిరి చాలలేదనుటకు గుర్తులు కావచ్చును. వెంటనే వైద్యునికి చెప్పవలెను. 'వెన్ను నిటారైనదా?' అని అడుగువారు 'ఊపిరి చక్కగా ఆడుచున్నదా?' అనియు అడుగవలెను.